రెండో తుమ్ము

దుగరాజపట్నం వైపు పాత రేవు చూద్దామని మేం ఐదుగురం ఒక తెరచాప పడవ మాట్లాడుకున్నాం. బయలుదేరగానే నేను ఒక్కసారి తుమ్మాను. పడవ నడిపే పోలయ్య వెంటనే తెరచాప దించేశాడు.

“దిగండి సార్. మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చోని పోదాం.”

నాకు ఒళ్లు మండింది. కావలి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ని. ముక్కులో దుమ్ముకీ సముద్రానికీ ఏ సంబంధమూ లేదని ఇసుకలో కూర్చునే పాఠం మొదలుపెట్టాను.

“రెండు తుమ్మితే ఇబ్బంది లేదు సార్. మీరు ఒకటితో ఆపేసినారు,” అన్నాడు పోలయ్య నింపాదిగా.

అరగంటకి మళ్లీ ఎక్కాం. తెరచాప గాలికి ఉబ్బింది. ఈసారి పోలయ్యే తుమ్మాడు. ఒక్కటే. అందరం ఊపిరి బిగబట్టి అతని ముక్కు వైపే చూశాం. రెండోది రాలేదు. అతని చెయ్యి మళ్లీ తెరచాప తాడు మీదికి పోయింది. ఎండ ముదురుతోంది. గాలి పడిపోతే ఇక ప్రయాణం లేనట్టే.

గబగబా నా జేబురుమాలు కొస పురిపెట్టి అతని చేతికిచ్చాను.

“ముక్కులో పెట్టుకో అన్నా, రెండోది కూడా కానిచ్చేయ్!”

పోలయ్య పడవ అదిరేలా తుమ్మాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కళ్లు తుడుచుకుని, చుక్కాని పట్టుకుని నన్నడిగాడు:

“ఇది కూడా ఫిజిక్సేనా సార్?”