లోపల వదలని బట్ట

పై అరలోని బట్ట తానును అందుకోబోతే సూది వేసుకున్న కోటు చంక కింద ఫట్‌మని పిగిలింది.

దుకాణంలో అందరూ ఆమెను సూది అనే పిలుస్తారు. ఆసుపత్రులకూ హోటళ్లకూ యూనిఫారాలు కుట్టే చోటది. పదేళ్ల కిందట పనిలో చేరినప్పుడు, సన్నగా ఉందని సరదాకి పెట్టిన పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికే అన్నట్టు తిండి తగ్గించుకుంటూ వచ్చి, చివరికి మెట్లెక్కలేక కూలబడింది. తిండి మానేసే జబ్బన్నారు. మూడు నెలలు ఆసుపత్రిలో ఉంచుకుని పంపారు. ఇప్పుడు ఆకలితో పని లేకుండా, గడియారం చూసి రోజుకు ఆరుసార్లు తినాలి. బరువు ముందు పొట్టకే పడుతుంది, తర్వాత ఒళ్లంతా సర్దుకుంటుంది, ఓపిక పట్టమంది నర్సు. ఉన్న ఓపికంతా తినడానికే సరిపోతోంది.

దానికి తోడు వీధిలో కనబడ్డవాళ్లంతా "బాగా ఒళ్లు చేశావే!" అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. మందుల కొట్టాయన అన్నాడు, కింది వాటా ఆవిడ అంది, మేనత్త అయితే బుగ్గ పట్టుకు లాగి మరీ అంది. ఆ రాత్రి ముద్ద గొంతు దిగడానికి గంట పట్టింది.

సూది పిగిలిన చోటు చేత్తో అదిమిపట్టి మిషను ముందు కూర్చుంది. ఇంకెవరి కోటైనా అయితే ఐదు నిమిషాల పని. దీనికి మాత్రం లోపల బట్ట లేదు. ఎవరు కుట్టినా పక్క కుట్లలో రెండు వేళ్ల బట్ట మడిచి వదులుతారు, రేపు వదులు చేయాల్సొస్తే అక్కరకొస్తుందని. జబ్బులో ఉన్నప్పుడు సూది తన బట్టలు బిగించుకున్న ప్రతిసారీ ఆ మిగులు కత్తిరించి పారేసేది. మళ్లీ వదులు చేసే దారి ఉండకూడదని. అప్పుడది గెలుపులా ఉండేది.

నాలుగు రోజులు మధ్యాహ్నం డబ్బా మానేస్తే కోటు మళ్లీ పడుతుంది. ఆ ఆలోచన పాత స్నేహితురాలిలా వచ్చి పక్కన కూర్చుంది. అలాంటిదొస్తే వెంటనే ఎవరికైనా చెప్పమంది నర్సు. చెప్పడానికైనా సత్తువ ఉండాలి కదా.

"ఏమే సూదీ, డబ్బా తియ్యవేం?" గుండీలకు కాజాలు కుట్టే అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దుకాణానికి ఆమె కాజాలక్క. "చంకలో ఏం దాచావ్, కోడిపిల్లనా?"

"పిగిలిందక్కా."

కాజాలక్క కోటు విప్పించి కటింగ్ మాస్టారి బల్ల మీద వేసింది. ఆయన కుట్టు తిరగేసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఎవడమ్మా ఈ కసాయి? దారప్పోగంత కూడా వదల్లేదు."

"నేనే మాస్టారూ."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఇంకొకళ్ల బట్టయితే ఇలా కోసేదానివా?"

"కోసేదాన్ని కాదు."

"మరి?"

సూది బల్లకేసి చూస్తూ, "అక్కా, నాలుగు రోజులు డబ్బా మానేద్దామనుకున్నా," అంది.

కాజాలక్క టేపు మెళ్లోంచి తీసింది. "మంచిపని చేశావ్, చెప్పావు. లే, కొత్తదానికి కొలతలిద్దువుగాని. తర్వాత ఇద్దరం తిందాం."

ఆ దుకాణంలో ఒకరు కొలిచి అంకె గట్టిగా చెబితే ఇంకొకరు పుస్తకంలో రాస్తారు. పదేళ్లుగా రాసేది సూదే.

"అంకె పైకి అనకక్కా."

కాజాలక్క నాలుగు పిన్నులు తీసి పెదాల మధ్య బిగించుకుంది. టేపు నడుము చుట్టూ తిరుగుతుంటే సూది గోడ మీది పెచ్చు ఊడిన చోటునే చూస్తూ నిలబడింది. కొలతలన్నీ కాజాలక్కే రాసి, పుస్తకం మూసి, స్టూలు మీద పెట్టి దానిమీద కూర్చుంది.

"ఇప్పుడు చూడు, దమ్ముంటే!" అంది పిన్నులు తీసి.

మాస్టారు కొత్త బట్ట పరిచి, సుద్దతో గీత గీసి, గీతకు అవతల రెండు వేళ్లు వదిలి కత్తెర ఆడించాడు.

"అంత వద్దు మాస్టారూ."

"అందరికీ ఎంతో నీకూ అంతే. నువ్వేమన్నా పైనుంచి దిగొచ్చావా?"

డబ్బా అప్పటికే చల్లారిపోయింది. రుచి తెలియడం లేదు. సగంలో చెయ్యి ఆగితే కాజాలక్క తన డబ్బాలోంచి తలెత్తకుండానే, "అయిందా?" అంది.

"లేదు."

మిగతాది కూడా తింది. డబ్బా కడిగి బోర్లించి, గడియారం చూసింది. నాలుగింటికి మళ్లీ తినాలి.