వాపస్ వచ్చింది

మొయినాబాద్‌లో నేను నర్సింగ్ చదివిన కాలేజీ ఆఫీసులో ఒక క్లర్కు ఉండేవారు. మేమంతా స్కాలర్‌షిప్ సారు అనేవాళ్లం. ఆయన నోట 'రిజెక్ట్' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరిగొస్తే "వాపస్ వచ్చింది బిడ్డా" అనేవారు, ఊరెళ్లిన మనిషి ఇల్లు చేరినట్టు.

ఆధార్‌లో పేరూ, పదో తరగతి మెమోలో పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలని రూలు మారిన ఏడాది, నాది రెండుసార్లు వాపస్ వచ్చింది. బడిలో నేను మరియమ్మను. ఆధార్‌లో మాత్రం చర్చిలో పిలిచే మేరీని. సర్కారు నా ఫీజు కట్టకపోతే చదువు మానేసి కనకమామిడి ఊళ్లో ఫాంహౌసులో పనికి పోవాల్సిందే.

ఏడుస్తూ నిలబడితే ఆయన ఫారం నా ముందుకు జరిపారు. "ఏడుస్తవెందుకు? మనది కాకపోతే మనకాడికెందుకొస్తది?" అని, పేరు సరిచేయించడానికి చేవెళ్ల ఆధార్ సెంటరుకు నాతోపాటు బస్సెక్కారు. లైన్లో నాతోనే నిలబడ్డారు. మూడోసారి ఫారం వాపస్ రాలేదు.

ఇప్పుడు చేవెళ్లలోనే ఒక దవాఖానలో నర్సును. తగ్గిందని ఇంటికి పంపిన ముసలవ్వ నిన్న మళ్లీ జ్వరంతో వచ్చింది. "గీమె మళ్లొచ్చింది" అని ఆయా విసుక్కుంది.

నేను మంచం మీద దుప్పటి పరిచాను. "మనామె కాకపోతే మనకాడికెందుకొస్తది?" అన్నాను.