ఇర్మెల కాల్చిన అప్పాలు

మోజెల్ నది ఒడ్డున మా ఊరి గుడికి అప్పాలు కాల్చేది ఇర్మెల. గోధుమపిండిని జారుగా కలిపి, పొడుగాటి ఇనప పట్టకారు రేకుల మధ్య పోసి, ఒక పరలోక జపం చెప్పేంతసేపు నిప్పుల మీద ఉంచేది. మాడినవి కోళ్ళకి, తెల్లగా వచ్చినవి పూజకి. మా గురువు ఫోల్క్‌మార్ సామి వాటిని పైకెత్తి పూజ మాటలు చెప్పగానే అవి ప్రభువు శరీరమయ్యేవి. తన చేతి పిండి దేవుడవుతోందని ఆమెకి లోపల్లోపల గర్వం. ఆమె నా జ్ఞానస్నానంలో నన్నెత్తుకున్న జ్ఞానతల్లి, ఆ గర్వం నేనెరుగుదును.

ఆమె భర్త ఎబర్‌హార్ట్ ద్రాక్షతోటల మనిషి, ముక్కోపి. జ్వరంతో పోయాడు. సామి ఒంటరిగా అతని పక్కన కూర్చుని పాపాలు విని, మన్నింపు మాట చెప్పి బయటికొచ్చాడు. "మీ బాబాయికి ఇంక ఢోకా లేదే" అనేది ఇర్మెల నాతో. అతని కోసం ఒక్క జపమూ చెయ్యలేదు. ఒడ్డెక్కినవాడికి తెడ్డెందుకని ఆమె ధీమా.

అతను పోయిన మూడేళ్ళకి, ద్రాక్షకోతలయ్యాక ఒక ఆదివారం, గురువులందరికీ పైవాడైన మేత్రాణులవారి తరపున ఒక పెద్దాయన ఊళ్ళ గుళ్ళు తనిఖీ చేస్తూ వచ్చాడు. పూజ మొదలుకాక ముందే, అందరి ఎదుటా, సామిని గురువుగా చేసినప్పటి గురుపట్టం పత్రం చూపించమన్నాడు. ఎలకలు కొట్టేశాయన్నాడు సామి. పట్టం ఇచ్చిందెవరు, ఏ ఊళ్ళో అని అడిగాడు పెద్దాయన. సామి మెళ్ళో పూజపట్టీ తీసి పీఠం మీద పెట్టాడు.

"నాకు పట్టం లేదు."

కమ్మరి గెర్లాఖ్ పకపకా నవ్వాడు. "సామి తమాషాకి అంటున్నాడర్రా!" ఇంకెవరూ నవ్వలేదు.

నాలుగు లాటిన్ ముక్కలు వచ్చిన దిమ్మరి ఆయన. మహమ్మారి ఏట దారిలో చచ్చిపడి ఉన్న ఒక గురువు అంగీని చలికి తాళలేక తొడుక్కుని మా ఊరొచ్చాడు. అప్పటికి మా గురువూ పోయాడు. "మా అమ్మ పోతోంది సామీ, రండి" అని ఎవరో చెయ్యి పట్టుకు లాగారు. వెళ్ళాడు. మర్నాడు ఇంకో ఇల్లు. అలా పంతొమ్మిదేళ్ళు.

పెద్దాయన మాకు చెప్పాడు. జ్ఞానస్నానాలు చెల్లుతాయి, అవసరమైతే మంత్రసాని కూడా ఇవ్వొచ్చు. పెళ్ళిళ్ళూ చెల్లుతాయి. పూజలు మాత్రం పూజలు కావు. పాపమన్నింపులు మన్నింపులు కావు.

ఇర్మెల లేచింది.

"అయ్యా, మరి నేను కాల్చినవి?"

"అప్పాలుగానే ఉండిపోయాయమ్మా."

"ఇన్నేళ్ళూ పిండికి మొక్కామా?"

"మీరు మొక్కింది దేవుడికే. మీ తప్పేం లేదు."

"మా ఆయన సంగతి చెప్పండి. ఆయన మళ్ళీ లేచొచ్చి చెప్పుకోలేడు కదా!"

పెద్దాయన గొంతు తగ్గించాడు. "నిజంగా కుమిలి ఉంటే దేవుడు వదలడమ్మా. పూజ, మన్నింపులాంటి సంస్కారాలు మన కోసం వేసిన దారి. ఆయన చేతులకి కట్టిన తాళ్ళు కావు."

"అంటే ఆయనకి పరలోకం దక్కినట్టేనా? ఖాయంగా చెప్పండి."

"అది ఎవరూ ఖాయంగా చెప్పలేరు. దేవుడి మాట తప్పదు, అంతవరకూ ఖాయం. ఆయన వరప్రసాదం నాలో ఉందో లేదో నాకే తెలీదు. గుర్తులు చూసుకుని ఆశపడడమే."

"తమకీ తెలీదా? ఇంత చదువూ చదివి?"

"తెలీదు తల్లీ."

మొదటి దెబ్బకి నిలబడిన మనిషి ఈ మాటకి కూలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోల్క్‌మార్‌ని బంధించిన ద్రాక్షగానుగ కొట్టానికి నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది.

"మా ఆయనకి ఆ మన్నింపు మాటలు చెప్పేటప్పుడు నీకేమనిపించిందిరా?"

నేను బిత్తరపోయాను. నిన్నటిదాకా భక్తితో ఆయన నీడ కూడా తొక్కని మనిషి, ఇవాళ 'రా' అంటోంది!

"ఏడుపొచ్చిందమ్మా. నా మాటకి బలం లేదని తెలుసు. ప్రభువా, నేను దొంగనే, ఇతని కన్నీళ్ళు మాత్రం దొంగవి కావు అని మొరపెట్టుకున్నాను."

"ఏడ్చాడా? ఆయనా?" ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమె ఎన్నడూ చూడలేదు.

"వెక్కి వెక్కి ఏడ్చాడు."

ఆమె అతని దగ్గరికి జరిగింది. "మరి నీ పాపాలు ఎవరికి చెప్పుకున్నావు?"

"ఎవరికి చెప్పను? నోరు విప్పితే ముందు చెప్పాల్సింది ఇదే కదా. ఒక్కసారీ చెప్పుకోలేదు."

చాచి చెంప మీద కొట్టింది. వెనక్కి చూడకుండా బయటికొచ్చి, దారి మధ్యలో కూర్చుండిపోయింది. "అందరికీ వడ్డిస్తూ పస్తున్నాడే వాడు! పంతొమ్మిదేళ్ళు పస్తున్నాడే!"

అతన్ని ఏదో మఠానికి తీసుకుపోయి, రొట్టె, నీళ్ళ మీద ఉంచారు. రెండో చలికాలంలో పోయాడని కబురొచ్చింది. చివర్లో ఎవరైనా మన్నింపు మాట చెప్పారో లేదో తెలియలేదు.

కొత్త గురువు తన పత్రం గుడి తలుపుకి తగిలించి మరీ చేరాడు. ఏడాదిపాటు బతిమాలించుకుని ఇర్మెల మళ్ళీ అప్పాలు కాల్చింది. ఎబర్‌హార్ట్ కోసం ఇప్పుడు రోజూ జపం చేస్తోంది. చచ్చినవారి పండుగనాడు పూజలో చదవమని గురువుకి పేర్లిచ్చింది. ఆయన చదివాడు: "ఎబర్‌హార్ట్. ఫోల్క్‌మార్."

"ఆ దొంగ పేరా!" గెర్లాఖ్ అరిచాడు.

"వాడికెవరున్నారు?" అంది ఇర్మెల, తల తిప్పకుండానే.

సగం గుడి లేచి వెళ్ళిపోయింది. వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను.