ఆయన ముక్కు మీద నా వేలు

మా ఆయన మంగంపేటలో ముగ్గురాయిని పొడి కొట్టే మిల్లులో పని చేస్తాడు. దగ్గుతో మూడు రోజులుగా ఆయనకు నిద్ర లేదు. డాక్టరు మందులిచ్చి, ముక్కు ఒక పక్క మూసి నిదానంగా ఊపిరి వదిలే యోగా కూడా చెయ్యమన్నాడు. ఈ సాయంత్రం నేను దగ్గరుండి చేయించాను.

"ఏమ్మే, ముక్కు మూస్తే దగ్గు పోతాదా?" అన్నాడు.

"దగ్గుకు మందుండాది. ఇది ఊపిరి నెమ్మదించేదానికి," అన్నాను.

ఏ పక్క మూయాలో ఆయన మరిచిపోతుంటే నేనే వేలు పెట్టాను. కాసేపటికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నా చేతిలోకి ఒరిగి నిద్రపోయాడు. అంతలో మా అత్త వచ్చింది. ఆమె ముందర నేను ఆయన పక్కన కూడా కూర్చోను. సిగ్గేసింది గానీ చెయ్యి తియ్యలేదు.

"కదలొద్దు పాపా, పండుకోనీ వాన్ని" అని ఆమె తలుపు దగ్గరగా వేసి పోయింది.

చెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది. నిద్రపోయిన మనిషిని చేతిలో పెట్టుకుని కదలకుండా కూర్చునే ఈ ఆసనం పేరేమిటో తెలిసినవాళ్లు చెప్పండి.