పేటీ అంటే పెట్టె అనుకున్న మనిషి

నా భార్య పోయింది. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, చెరిగిన బియ్యం చాట పక్కన పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చాటకు చీమలు పట్టి ఉన్నాయి. డాక్టరు గుండె అన్నాడు. తెలిసినవాళ్ళకు కార్డులు రాశాను. కార్డులో రెండు వాక్యాలకు మించి రాయలేకపోయాను. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది బోధన్ వైపు పల్లె. పెళ్ళయి నాందేడ్ వచ్చిన కొత్తలో మరాఠీలో ఆమెకు వచ్చినవి రెండే మాటలు. ఆహే, నాహీ. ఉంది, లేదు. ఆ రెంటితోనే ఆరు నెలలు బజారు చేసింది. తర్వాత కూరగాయల మరాఠీ, కిరాణా మరాఠీ అన్నీ వచ్చాయి. పాటల మరాఠీ రాలేదు. దానితో అవసరం పడుతుందని ఎవరూ అనుకోలేదు.

మాకు ఒక్కతే కూతురు. దానికి ఆరేళ్ళప్పటి మాట. పిండి గిర్నీలో మర తిప్పే పట్టా టకటకమంటుంటే వరుసలో నిలబడి ఆ చప్పుడుకు అడుగులు వేసేది. ఒకనాడు గిర్నీ నుంచి వచ్చి పిండి డబ్బా దించుతూనే నా భార్య అంది.

"ఇంటున్నరా, పిల్ల కాళ్ళు ఊకుంటలేవు. గిర్నికాడ అందరు దీన్నే చూస్తున్నరు. ఆట నేర్పిద్దం."

అప్పట్లో మాకు తెలిసి నేర్పేవాళ్ళు ఇద్దరే. వెనక గల్లీలో హార్మోనియంతో పాట నేర్పే ఒక మరాఠీ బాయి. ఆదివారాలు ఒక బడి హాల్లో కథక్ నేర్పే మాస్టరు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చినవాడు. నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి, అన్నీ ఆలోచించే చెప్పాననుకున్నాను. పాట కూర్చుని పాడవచ్చు, ఇంట్లో పాడవచ్చు. ఆటకు నలుగురి ముందు నిలబడాలి. పాటే నేర్పిద్దామన్నాను.

దెగ్లూర్ నుంచి వచ్చిన మా అమ్మ ఈ సంగతి విని కోడలిని అడిగింది. "గజ్జెలు గట్టి ఆడిపిచ్చెటందుకు కన్నవానే పిల్లను?"

"కాదత్తమ్మా, మూలకు కూసోబెట్టెటందుకు కన్న."

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మకు వెరచి ఆట వద్దన్నానని చెప్పుకుంటే నాకు సులువు. కానీ అమ్మ రాకముందే నేను వద్దన్నాను.

పిల్లను చేర్చడానికి వెళ్ళిన రోజు బాయి అడిగిందట, "పేటీ ఆహే కా ఘరీ?" అని. ఇంట్లో పేటీ ఉందా అని. మరాఠీలో పాట నేర్చేవాళ్ళు హార్మోనియాన్ని పేటీ అంటారు. పేటీ అంటే పెట్టె కూడా. నా భార్యకు తెలిసింది ఆ రెండోదే. గర్వంగా "ఆహే" అంది. అయితే రేపు తీసుకురండి అంది బాయి.

మర్నాడు నా భార్య తన పెళ్ళినాటి రేకు పెట్టెలోంచి చీరలన్నీ తీసి మంచం మీద పోసింది. అందులో పలక, తువ్వాలు, ఇంకో గౌను, కారప్పూస డబ్బా పెట్టి రిక్షాలో వేసుకుని వెళ్ళింది. బోర్డింగులో చేర్చినట్టే. ఆ సాయంత్రం ఆమె చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"బాయి నవ్వుడే నవ్వుడు, బాజా మీద వడి నవ్వింది. 'అగ బాయీ, సంసారమంత తెచ్చినవా' అంటది. నాకు సిగ్గైంది. గంతల్నే మీ బిడ్డ పెట్టెక్కింది. రేకు మీద దబదబ దబదబ. బాయి నవ్వు ఆపి బాజా అందుకుంది. ఆమె వాయిస్తుంది, ఇది ఆడుతుంది. నేను ఆపలే."

నేను పెట్టె చూశాను. "మూత సొట్టపోయింది గదనే," అన్నాను.

ఆ రోజు నేను అన్నది అదొక్కటే.

ఆ తర్వాత బాయి మా ఇంటావిడను పేటీబాయి అనే పిలిచేది. ఆమె కూడా పిలిస్తే పలికేది. పిల్ల మాత్రం అక్కడ నోరు విప్పేది కాదు. ఆదివారం తలంటిన తర్వాత తల్లీకూతుళ్ళు జుట్టు ఆరబెట్టుకునే నెపంతో బయటికి పోయేవారు. మాస్టరు నేర్పే హాలు కిటికీ ఎత్తుగా ఉంటుంది. పిల్లను ఎత్తుకుని చూపించేది. నేను అడిగితే, "చూసొచ్చినం, గంతే. చూస్తే ఏం అరుగుతది?" అనేది. ఏడెనిమిదేళ్ళ పిల్లను ఎత్తుకుని ఎంతసేపు నిలబడేదో నేను అడగలేదు.

రెండేళ్ళు గడిచాయి. పిల్లకు ఒక్క పాటా రాలేదు. బాయిని అడుగుదామని నేనే వెళ్ళాను. ఆమె మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. "సాహెబ్, ఈ పిల్లకు గొంతు లేదు. స్వరం చెవికి పట్టదు. తాళం మాత్రం నేను తప్పినా తను తప్పదు. కూర్చోబెడితే కాలి బొటనవేళ్ళతో వేస్తూనే ఉంటుంది. నా దగ్గరికి ఎందుకు పంపారు?"

నేను ఇంటికి వచ్చి పాట మానిపించాను. ఆటకు పంపలేదు.

నా భార్య మళ్ళీ ఒకసారి అడిగింది. వచ్చే ఏడు చూద్దామన్నాను. ఆ మాట చెప్పేటప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. మూడోసారి అడగడానికి ముందే బోధన్ నుంచి తమ్ముడితో గజ్జెలు తెప్పించింది. దారానికి గుచ్చిన చిన్న గజ్జెలు, ఎర్ర రుమాలులో.

"ఏందివి?"

"గజ్జెలు."

"ఎవలకు?"

"నాకే. పొయ్యికాడ కట్టుకుంట," అని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు కూర్చుంది. "పిల్లకు. గా మాస్టరు ఊరిడిసి పోతడట. ఉన్నన్ని దినాలన్న పంపుదం. అడుగు నిలిస్తే నిలుస్తది, లేకుంటే లేదు. పోయినంక మనం పంపుదమన్నా ఎవరున్నరు?"

"ఇవి వాపస్ పంపియ్యి. ఇగ ఈ ముచ్చట ఎత్తకు."

ఆమె రుమాలు ముడి వేసింది. "ఉండనియ్యుండ్రి," అంది.

ముచ్చట అంతటితో వదిలేసిందని నేను అనుకున్నాను. నిజంగానే మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడు దాటకుండానే మాస్టరు ఊరు విడిచాడు. ఆదివారాలు తలంటినప్పుడు పిల్ల అరికాళ్ళకు మాత్రం మానకుండా నూనె రుద్దేది. "ఈ కాళ్ళకు పనియ్యలే, నూనెన్న ఇద్దం," అనేది. అందులో దెప్పు ఏమీ ఉండేది కాదు. ఉండి ఉంటే నేను కోప్పడి ఉండేవాణ్ణి. అప్పుడన్నా ఆ ముచ్చట మళ్ళీ వచ్చి ఉండేది.

ఇప్పుడు మా అమ్మాయి ముఖేడ్‌లో టీచరు. రోజంతా నిలబడి పాఠం చెబుతుంది. కాళ్ళు గుంజుతున్నాయంటుంది.

దినాలయ్యాక నా భార్య చీరలు తలా ఒకటి బంధువులకు ఇచ్చాం. పెట్టె ఖాళీ అయిందనుకున్నాం. మంచం కిందికి తోస్తుంటే మోగింది.

"బాపూ, గిదేం సప్పుడు?"

అమ్మాయే మూత తీసింది. అడుగున పరిచిన పాత పేపరు కింద ఎర్ర రుమాలు. ఇన్నేళ్ళూ ఆ పెట్టెను దీపావళికి దించాం, సున్నాలకు బయట పెట్టాం. ఒక్కసారీ మోగలేదు. మీద చీరలు అదిమిపెట్టి ఉండేవి. అట్లా సర్దేది ఆమె. ఉండనియ్యుండ్రి అంటే ఈ మాట వదిలేయండి అని నేను విన్నాను. ఇంట్లో ఉండనివ్వండి అని ఆమె అడిగింది.

అమ్మాయి ఒక గజ్జెల దండ తీసి చీలమండ చుట్టూ పెట్టి చూసుకుంది. సగం కూడా రాలేదు.

"ఎవలియి, బాపూ?"

"నీయే."

"నాయా? నేను ఆడుదునా?"

గిర్నీ సంగతి చెప్పాను. పెట్టె మీద ఆడిన సంగతి చెప్పి మూత మీది సొట్ట చూపించాను. కిటికీ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది, ఎవరి పిల్ల గురించో విన్నట్టు.

"నాకేం యాదికి లేదు," అంది. సొట్టను వేలితో తడిమి, "అవ్వ కూడ ఎన్నడు చెప్పలే," అంది.

ఈ గజ్జెలను తలుచుకునేవాళ్ళు ఇద్దరుండాలి. ఒకరు పోయారు. రెండో మనిషికి గుర్తు లేదు. గుర్తున్నవాణ్ణి నేను. వద్దన్నవాణ్ణీ నేనే.

"ఇవ్వేం జెయ్యాలె?" అని అడిగింది అమ్మాయి, రుమాలు ముడి వేస్తూ.

"ఉండనీ," అన్నాను.

మర్నాడు పొద్దున సర్కారు బస్సుకు ముఖేడ్ వెళ్ళిపోయింది. ఇల్లు ఇప్పుడు నేనే ఊడుస్తున్నాను. మంచం కింద ఊడవాలంటే పెట్టెను కొంచెం జరపాలి. ఎంత నెమ్మదిగా జరిపినా మోగుతోంది.