అమ్మ సమాధి ఉన్న ఎకరం

సహోదరులారా, సహోదరీలారా, మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు, కానీ దేవుడు నా ఇంట్లో చేసిన కార్యాన్ని కడుపులో దాచుకుంటే నాకు అన్నం సహించదు. నేను మస్కట్‌లో ఒక ముసలమ్మకు సేవ చేసే పనిలో ఉండగా, ఇక్కడ పాల్వంచలో కాంట్రాక్టు పనికి వెళ్లే నా భర్త నాలుగడుగులు వేస్తే రొప్పుతున్నాడని ఫోన్ వచ్చింది. గుండెలో వాల్వు పాడైంది, ఆపరేషన్ ఆలస్యం చేస్తే మనిషి దక్కడని ఖమ్మం దవాఖానాలో చెప్పారు. పని వదిలి వస్తే ఉన్న జీతమూ పోతుంది. మాకున్నదల్లా నేలకొండపల్లి దగ్గర మా అమ్మ నా పేర రాసిన ఎకరం, అది అమ్మితేనే ఆయన బతుకుతాడు!

నా తమ్ముడు లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి, కాబట్టి ఎంబసీకి వెళ్లి సంతకం చేసి, అమ్మకం బాధ్యతంతా అతని భార్య రూతమ్మకు రాసిచ్చాను. కొనేవాళ్లు రాకపోలేదు, కానీ వచ్చినవాళ్లు వచ్చినట్టే గట్టు మీంచే తిరిగి వెళ్లిపోయారు. ఆ చేను మూలన మా అమ్మ సమాధి ఉంది. ఊరి శ్మశానంలో మనకు చోటు దొరకని రోజుల్లో, మనలో చాలామంది చేసినట్టే మేమూ అమ్మను సొంత చేలోనే మట్టి చేసి సిమెంటు సిలువ నిలబెట్టాం. సమాధి ఉన్న భూమిని దున్నడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి, నేను వాళ్లను తప్పుపట్టను.

మధ్యవర్తి మాత్రం ఒకటే పాట పాడాడు. ట్రాక్టరు ఒక్కసారి తిప్పితే నేల చదునైపోతుంది, ఎవరికీ తెలియదు, ఎల్లుండికల్లా బేరం కుదురుస్తానన్నాడు. బంధువులూ అతనికే వంత పాడారు. మస్కట్‌లో ఆ ఇంటి వంటగదిలో మోకరించి ఏడ్చాను. “ప్రభువా, బతికున్న భర్త కోసం మట్టిలో ఉన్న తల్లిని కదిలించాలా? సరేననడానికి నోరు రావడం లేదు, వద్దనే ధైర్యమూ లేదు. నా చెయ్యి అందని చోట నీ చెయ్యి చాపు తండ్రీ” అని ప్రార్థించాను.

లేచి రూతమ్మకు ఫోన్ చేస్తే, నేను అడగకముందే ఆమె చెప్పింది.

“వదినె, ట్రాక్టరు తోలనియ్య. కొనెటోళ్లు ఎవరొచ్చినా ముందుగాల అత్తమ్మ కాడికే తీస్కపోత. అన్నయ్యకేం గాదు, దేవుడున్నడు.”

ఇట్లా అయితే ఎవరు కొంటారని నేను అడిగాను, కానీ ఆమె మాట మార్చలేదు.

తర్వాత సత్తుపల్లి వైపు నుంచి ఒక రైతు, తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లు మన ప్రభువును ఎరిగినవాళ్లు కాదు. రూతమ్మ హద్దులు, బోరు చూపించక ముందే వాళ్లను నేరుగా సిలువ దగ్గరకు తీసుకెళ్లి, ఇక్కడ మా అత్తమ్మ ఉంది, ఇది కదిలించకుండా ఉంటేనే కొనండని చెప్పిందట. అతను మొహం మాడ్చుకుని కారు వైపు నడిచాడట. తల్లి మాత్రం కదలలేదట.

“ఓనరు పరదేశంలో ఉండి ఇంకొకరు సంతకం పెడతారంటే నాకు మొదట్నుంచీ అనుమానమేరా. అడక్కుండానే సమాధి చూపించిన మనిషి ఇంకేం దాస్తుంది? ఆ మూల, దానికి దారి వాళ్లకే వదిలేసి మిగతాది రాయించుకో” అన్నదట ఆ పెద్దామె.

రూతమ్మ ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు నేను ముసలమ్మ మంచం పక్కనే కూలబడి స్తోత్రం, స్తోత్రం అని అరిచాను, ఆమెకు భాష రాకపోయినా నాతో పాటు కళ్లు తుడుచుకుంది!

కొడుకు తల్లి మాట విని అలాగే రాయించుకున్నాడు, ఆ డబ్బుతోనే ఆపరేషన్ జరిగింది. ఇందాక పాటలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నా భర్తే, దేవునికే మహిమ! రూతమ్మ వెనక వరుసలో తల వంచుకుని కూర్చుంది, పిలిచినా ముందుకు రాదు. ప్రియులారా, మీ చెయ్యి అందని చోట మీవాళ్లు కష్టంలో ఉంటే భయపడకండి, ప్రభువును అడగండి. నేను ఆయన్ని చెయ్యి చాపమని అడిగినప్పుడు, ఆ చెయ్యి మా రూతమ్మదై ఉంటుందని నాకు తెలియదు.