పదకొండుకు గొర్రె యాడుంటాది?

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే బస్సులో నా ముందు సీటులో కూర్చున్నామె పక్కనామెకు చెబుతుంటే విన్నాను.

"తిమ్మక్క అని మెంబరుండె కదా, ఆయమ్మ సమితి మీటింగులోకి గొర్రెల్ని తోలుకోని పోయిందంట. నూరు గొర్రెలు! ప్రెసిడెంటు కుర్సీ కింద కూడా పెంటికలేనంట."

"అమ్మో! యాలంట?"

"ఇంకేల? ఆయమ్మ మందకు ముందు సూదులేయించుకునే దానికి. మెంబరయితే అంతే కదమ్మా. ఎవురి మంద వాళ్లకు ముద్దు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ మీటింగు జరిగిన రోజు నేను ఆఫీసు వసారాలోనే ఉన్నాను. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. రాసేటప్పుడు ఎవరూ నా ముఖం చూడరు కాబట్టి రాస్తున్నాను.

తిమ్మక్కది మా పక్క ఇల్లు. పుట్టింది కుప్పం దగ్గర, మా గుట్టకిందపల్లెకు కోడలై వచ్చింది. 1981లో పంచాయతీ సమితి ఎన్నికలయ్యాక ఆడవాళ్లను కూడా మెంబర్లుగా తీసుకోవాలన్నారు. ప్రెసిడెంటు గోవిందప్పకు ఎక్కువ మాట్లాడని మనిషి కావలసి వచ్చి ఆమెను ఏరుకున్నాడని ఊళ్లో అనుకునేవారు. ఆమె నిజంగానే తక్కువ మాట్లాడుతుంది. తన పేరులోని మూడక్షరాలు తప్ప ఇంకో అక్షరం రాయడం రాదు, చదవడం అసలే రాదు.

చదవడం రాకపోవడం వల్లనే ఆమెకు ఒక అలవాటు వచ్చింది. మీటింగు చివర టీ వచ్చేది, టీతో పాటు తీర్మానాల పుస్తకం చేతులు మారేది, అందరూ తాగుతూ సంతకాలు పెట్టేవారు. తిమ్మక్క దగ్గర ఆ పుస్తకం ఆగిపోయేది.

"ఏం రాసినారో సదవండప్పా."

"టీ సల్లారిపోతాండాదమ్మా," అనేవాడు రెడ్డెప్ప. ఆయన పక్క ఊరి సర్పంచి. మోటారుసైకిలున్న మనిషి, నోరున్న మనిషి.

"టీ మళ్లా కాస్తారు. రాసింది మళ్లా రాస్తారా?"

గుమాస్తా విసుక్కుంటూ చదివేవాడు. మదనపల్లె బస్సు మా ఊరి క్రాసురోడ్డు దగ్గర ఆగాలని ఆమె అడిగినప్పుడు "పరిశీలించవలెను" అని రాశారు.

"పరిశీలించేదంటే ఏందప్పా?"

"సూస్తామని."

"సూసేదానికయినా ఒకసారి బస్సు నిలబడల్ల కదా?"

గోవిందప్ప కూడా నవ్వాడట. నాలుగు నెలలకు బస్సు ఆగింది. ఊరికి అడిగిన నీళ్ల బోరింగు మాత్రం రాలేదు. రెండేళ్ల పాటు ప్రతి మీటింగులో అడిగింది, ప్రతిసారీ రాయించింది, ఆమె మెంబరుగా ఉన్నన్నాళ్లూ రాలేదు. ఆ సంగతి చెప్పకపోతే నేను రాసేది కూడా పొగడ్త అయిపోతుంది.

సమితి నుంచి వచ్చే కాగితాలు ఆమెకు నేను చదివిపెట్టేదాన్ని. నేను ఏడో తరగతితో బడి మానేశాను. నాయన పోయాక మా అమ్మ అంజమ్మకు మంద కాయడానికి తోడు కావాల్సి వచ్చింది. మాకు భూమి లేదు. అరవై మూడు గొర్రెలు, అంతే. వాటి మీదనే అమ్మా, నేనూ, చెల్లెలూ బతకాలి.

1983 మే నెలలో వచ్చిన కాగితంలో నాలుగో అంశం గొర్రెల చిటుకు రోగం. గొర్రెలున్న ఇంట్లో ఆ పేరు గట్టిగా పలకరు. తొలి వానకు పచ్చిక లేస్తుంది, గొర్రె ఆబగా మేస్తుంది, ఉన్నట్టుండి ఎగిరిపడి చిటికె వేసినంతలో పోతుంది. వానలు రాకముందే సూది వేయించాలి. సూది వేయడానికి పశువుల డాక్టరు మా ఊరికి అంతకు పది రోజుల ముందు ఒకసారి వచ్చాడు. వచ్చే సరికి పగలు పదకొండు. మందలన్నీ గుట్ట మీద ఉన్నాయి. ఎండాకాలంలో మందను ఇంటి దగ్గర ఆపితే మేత ఎక్కడిది? కుంటివీ, ఈనినవీ తొమ్మిది గొర్రెలు దొరికాయి. వాటికి వేసి వెళ్లిపోయాడు. మా మందలో ఒక్కదానికీ పడలేదు.

"నువ్వు కూడా రామ్మా. కాగితంలో ఇంకేమన్నా అడిగితే సెబుదువు," అని తిమ్మక్క నన్ను మీటింగుకు తోడు తీసుకుపోయింది. నేను లోపలికి పోలేదు. వసారాలో కిటికీ కింద కూర్చున్నాను.

నాలుగో అంశం వచ్చింది. గుమాస్తా తాను ముందే రాసుకున్నది చదివాడు. "గుట్టకిందపల్లె రైతులు ఆసక్తి చూపనందున మిగిలిన మందును ఇతర గ్రామాలకు పంపవలెను."

తిమ్మక్క లేచిన చప్పుడు వినబడింది.

"ఆసక్తి అంటే ఏందప్పా?"

"ఇష్టమమ్మా."

"మా గొర్రెలు బతికేది మాకిష్టం లేదని రాసినారా?"

డాక్టరు చిన్న వయసు వాడు, చెడ్డవాడు కాదు. "నేను రెండు గంటలు కూర్సుంటినమ్మా. తొమ్మిదే వచ్చినాయి. నేనేం జేసేది?"

"ఏ యాళకొచ్చినావు నాయనా?"

"పదకొండుకు."

"పదకొండుకు గొర్రె యాడుంటాది?"

తర్వాత రెడ్డెప్ప గొంతు. "కొట్టంలో ఉంటాది, ఇంకేడుంటాది? మన మాదిరి కుర్సీలో కూర్సోనుంటాదా?"

నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. నేను తల దించుకున్నాను. ఆమె చేయి నా తల మీదుగా బయటికి వచ్చింది.

"ఇప్పుడు టయిమెంత, ప్రెసిడెంటప్పా?"

"పదకొండూ పది."

"ఇట్లొచ్చి సూడప్పా. అద్దో, ఆడుంటాది."

ఆఫీసు వెనక గుట్ట మీద ఎవరిదో మంద, సగం కొండ దాటి, చల్లిన మరమరాల మాదిరి కనబడుతోంది. కుర్చీలు జరిగాయి. ఒకరి వెనక ఒకరు కిటికీ దగ్గరికి వచ్చి చూశారు. ఆ మీటింగుకు గొర్రెలు వచ్చింది అంతవరకే.

డాక్టరు మెల్లగా అన్నాడు. "తెల్లారి వస్తామంటే బస్సు లేదమ్మా. ముందురోజే వస్తే ఐసు కరిగిపోతాది. మందు సెడిపోతాది."

"సోడా అంగడి ఆయప్ప ఐసుగడ్డను దేంట్లో పెడతాడు?"

"పొట్టులో."

"మా ఊర్లో శెనక్కాయ పొట్టుకు కరువా? తెచ్చి పూడ్సిపెడతాం."

"నేనేడ పండుకునేది?"

"మా ఇంట్లో. రాగిముద్ద తింటావు కదా?"

"తింటానమ్మా."

"ఇంకేమప్పా!" అన్నాడు రెడ్డెప్ప. "డాక్టరుకు ముద్ద పెట్టి ఆయమ్మ మందకు ముందు సూదులేయించుకుంటాది, సూడండి!"

మళ్లీ నవ్వులు. బస్సులో నేను విన్న కథ అక్కడే పుట్టి ఉంటుంది. తిమ్మక్క పుస్తకం వచ్చే వరకు నిలబడే ఉంది.

"సదువప్పా."

గుమాస్తా చదివాడు. ఆసక్తి మాట కొట్టేశారు. "గొర్రెలు మేతకు పోకముందే, తెల్లవారుజామున" అని రాశారు. ఆ ముక్కను ఆమె రెండుసార్లు చదివించుకుంది. అప్పుడు మూడక్షరాలూ పెట్టింది.

ఆ గురువారం సాయంత్రం డాక్టరు వచ్చాడు. ఆయన తెచ్చిన మందు పెట్టెను తిమ్మక్క దొడ్డిలో ఒక మూల పొట్టులో పూడ్చాం. తెల్లారే సరికి ఊళ్లోని మందలన్నీ వీధిలో ఉన్నాయి. నేను చెవులు పట్టుకుంటే డాక్టరు సూది వేశాడు, సూది పడిన గొర్రె వీపున అమ్మ నీలిరంగు పూసింది. మొత్తం నాలుగు వందల పన్నెండు. అందులో మావి అరవై మూడు.

జూన్‌లో వాన పడింది. పచ్చిక లేచింది. రోజూ సాయంత్రం మంద దిగి వచ్చేటప్పుడు అమ్మ గడపలో నిలబడి లెక్క పెట్టుకునేది. అరవై మూడు. ఆషాఢం దాటాక లెక్క మానేసింది. ఆ మంద మీదనే మేం నిలబడ్డాం. చెల్లెలు మా క్రాసులో ఆగే ఆ బస్సులో పోయి పదో తరగతి పాసయింది.

ఇప్పుడు సమితులు లేవు, మండలాలొచ్చాయి. తిమ్మక్క కుప్పం దగ్గర కూతురింట్లో ఉంది. ఆమె ఊరు విడిచి పోయేనాడు బస్సు దాకా మూట మోశానే గాని, ఒక్క మంచి మాట చెప్పలేకపోయాను. "బాగుండమ్మా," అని ఆమే అంది.

బస్సులో ఆ ఇద్దరికీ నేను చెప్పవలసింది పెద్ద కథేమీ కాదు. ఆ తెల్లవారుజామున డాక్టరు సూది చేతికి తీసుకుని, "ముద్ద పెట్టిన తల్లివి, ముందు మీవి తోలమ్మా," అన్నాడు.

"నాకాడ లేవు నాయనా. అంజమ్మవి తోలమను," అంది తిమ్మక్క.

మందు పెట్టె పూడ్చిన ఆ దొడ్డి అప్పటికి ఏడాదిగా ఖాళీ. ఆమెవి ముప్పై నాలుగు గొర్రెలూ అంతకు ముందటేడు తొలి వానకే చిటుకుతో పోయాయి.